గడప కాడ అక్క

ఈ పొద్దున మా ఇంటి ముందుకు దూది ఏకే ఒకాయన వచ్చాడు. భుజాన విల్లు, నడుముకు తువ్వాలు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మా పెండ్లినాటి పరుపు గడ్డలు కట్టి, పడుకుంటే రాళ్ళ మీద పడుకున్నట్టుంటుందని నా భార్య చాలా రోజులుగా అంటూనే ఉంది. పరుపును వాకిట్లోకి మోసుకొచ్చి ఆయన ముందు వేశాను. ఆయన అంచు వెంబడి వేలు పోనిచ్చి, కత్తి తీసి, మళ్ళీ కత్తి కింద పెట్టాడు.

"ఎవురు మామా కుట్టింది దీన్ని? ఇప్పబుద్ధి కాలే."

"చెప్తాలే. నువ్వు ముందు ఇప్పు," అన్నాను.

వెంటనే చెప్పకపోవడానికి కారణం ఉంది. ఇలాంటి ప్రశ్నే ఒకసారి నన్ను పులివెందులలో అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబు అబద్ధం కాదు. అయినా అంత తప్పు జవాబు నా జన్మలో మరొకటి చెప్పలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. ప్రొద్దుటూరులో మా వీధి మొత్తం మీద ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఒకరికి అత్త, ఒకరికి చెల్లెలు, ఒకరికి మేనకోడలు. నాకు అక్క.

దూదేకుల వాళ్ళు. మా వీధి చివర రేకుల కొట్టంలో భార్యాభర్తలిద్దరూ పరుపులు, దిండ్లు కుట్టేవారు. ఆయన విల్లు మీటితే ఆమె కుట్టేది. ఆయన తరఫున మాట్లాడే పని కూడా ఆమెదే. ఆయన గొంతు విన్నవాళ్ళకంటే ఆయన విల్లు విన్నవాళ్ళే ఎక్కువ. రోజంతా దూది మధ్య ఉండడం వల్ల ఆమె జుట్టు మీద, కనుబొమల మీద తెల్లగా నూగు పట్టి ఉండేది. ముప్ఫై దాటకముందే ముసలమ్మలా కనిపించేది. శుక్రవారం తలస్నానం చేసి, కొప్పు ముడిచి బయటికొస్తే కొత్తవాళ్ళు ఆమెను ఆ ముసలమ్మ కూతురనుకునేవారు. "అవు, మాయమ్మ లోపల పండుకోనుండాది," అని ఆమె కూడా వాళ్ళను ఆటపట్టించేది. తర్వాత తర్వాత జుట్టు నిజంగానే నెరిసింది. అది ఎప్పుడు నెరిసిందో మాకెవరికీ తెలియలేదు.

ఆమెకు తోబుట్టువులు లేరు. పిల్లలు కలగలేదు. దాన్ని గురించి ఎవరైనా జాలిపడబోతే పడనిచ్చేది కాదు.

"పుట్టుకతో వచ్చే సుట్టాలు గంపగుత్త బేరమప్పా. మంచీ చెడ్డా అంతా కలిపి ఎత్తుకోవల్ల. నేనయితే ఏరుకుంటా. పుచ్చులుంటే పక్కన పెడతా."

ఏరుకోవడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మనం ఎవరినైనా అన్నా అని, మామా అని పిలిచేసి మరుసటి క్షణం మరిచిపోతాం. ఆమె అలా కాదు. ఒక ఇంట్లో తాను ఎవరో ఒకసారి నిర్ణయించుకుంటే ఆ ఇంట్లో అందరితోనూ వరస ఆ లెక్కనే నడవాలి. కంసాలి ఆచారి ఇంట్లో ఆమె మేనకోడలు. కాబట్టి ఆచారి కొడుకులతో పరాచికాలు ఆడేది, ఆచారి భార్యను అత్తా అంటూనే కాఫీలో చక్కెర తక్కువైందని దెప్పేది. అయ్యవారింట్లో ఆమె చెల్లెలు. కాబట్టి అయ్యవారి పిల్లలకు జ్వరమొస్తే మేనత్త హోదాలో తలాపున కూర్చుని, మందు మింగని పిల్లల ముక్కులు మూసేది. ఏ ఇంటికైనా ఉత్త చేతులతో వచ్చేది కాదు. గింజ లేని తెల్లటి దూది గుప్పెడు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, "వత్తులు చేసుకోమ్మా" అనేది. వచ్చాక నేరుగా లోపలికి రాదు. గడప కాడ ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించి నిలబడి, సగం మాటలు అక్కడే ముగించేది. మా అమ్మ "లోపలికి రామ్మీ, కాళ్ళు నొప్పి పుట్టవా" అంటే, "ఆడబిడ్డ తావు ఇదేనమ్మా" అనేది.

ఆ తావును ఆమె ఎట్లా సంపాదించుకుందో చెప్పాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నా పెండ్లి జరిగింది. నా భార్యది జమ్మలమడుగు. పెండ్లి అక్కడే చేసుకుని, కొత్త పెండ్లికూతుర్ని తీసుకుని బస్సులో ప్రొద్దుటూరు వచ్చాం. ఇంటి ముందు హారతి పళ్ళెంతో మా అమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖంలో సంతోషం కంటే దిగులు ఎక్కువగా ఉంది. నేను ఒక్కడే కొడుకును. అక్కచెల్లెళ్ళు లేరు. కొత్త జంట గడప దాటేముందు ఆడబిడ్డ అడ్డం నిలబడి, ఇద్దరి చేత పేర్లు చెప్పించి, "మీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తారా" అని అడిగి, ఇస్తామనిపించుకుని గానీ లోపలికి రానివ్వకూడదు. అడ్డగించే ఆడబిడ్డ లేని ఇంటికి కోడలు రావడం సంతలో కొన్న ఆవును తోలుకొచ్చినట్టుంటుందని మా అమ్మ బాధ. దూరపు బంధువుల పిల్లనెవరినో రమ్మంటే ఆ పిల్ల పెద్దమనిషై మూల కూర్చుంది. ఇక చేసేదేముందని మా అమ్మ హారతి ఇచ్చి, "కుడికాలు పెట్టండి" అంది.

"యాడికి?" అని లోపలినుంచి గొంతు.

మా గదిలో పెండ్లి పరుపుకు ఆఖరి వరస కుట్టు వేస్తూ ఉండిన ఆమె, పళ్ళ మధ్య దబ్బనం పట్టుకుని, తల నిండా దూదితో వచ్చి, రెండు చేతులూ చాపి గడపకు అడ్డంగా నిలబడింది. దబ్బనం తీసి కొంగుకు గుచ్చుకుంది.

మా పెదనాయనకు ఇది నచ్చలేదు. "నువ్వెవురమ్మా?" అన్నాడు.

"నేనా? ఈ ఇంటి ఆడబిడ్డను. నువ్వెవురు?"

బంధువులంతా నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. హారతి పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, "అడుగమ్మీ, అడగాల్సిందేందో అడుగు" అంది. దాంతో పెదనాయన పక్కకు తప్పుకున్నాడు.

పేర్లు చెప్పించడానికి ఆమె చాలాసేపు తీసుకుంది. నేను చెప్పిన భార్య పేరు ఆమెకు వినపడలేదట. మూడోసారి అరిచి చెప్తే, "ఎందుకప్పా అరుస్తావు, కొత్త పిల్ల దడుసుకోదా" అంది. నా భార్య తలెత్తకుండా నా పేరు గొణిగింది. "బంగారట్లా చెప్పింది. ఒక్కసారికే ఇనపడింది," అని ఆమె బుగ్గ పుణికింది. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించింది.

"నాకు కొడుకు లేడు. మీ కూతుర్ని తీసుకోని ఏం జేసుకుందును? ఇంగోటి అడుగుతా. నేను యా యేళకన్నా మీ ఇంటికొస్తా. ఆడ ఎవురన్నా ఉండి, 'ఎవురీమె' అంటారు. అప్పుడు మాయక్క అని చెప్పల్ల. చెప్తావా?"

"చెప్తా," అన్నాను నవ్వుతూ. బస్సు ప్రయాణంతో, ఆకలితో ఉన్నాను. ఆమె ఏనుగునడిగినా ఇస్తాననేవాణ్ణి.

"నువ్వు, మర్దలా?"

"మా వదిన అని చెప్తా," అంది నా భార్య. ఆమె అప్పటికి మా ఇంట్లో పలికిన రెండో మాట అది.

అక్క చేతులు దింపి పక్కకు తొలగింది. మేం లోపలికి అడుగుపెట్టాం.

రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాత నాకు పులివెందుల బదిలీ అయింది. తాలూకాఫీసులో గుమాస్తాను. అక్కడికొచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరు నన్ను చూస్తున్నారో, ఏమనుకుంటున్నారో అని ప్రతిదానికీ వెనక్కి తిరిగి చూసుకునే జబ్బు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు బూట్లు. "శానా" అనబోయి "చాలా" అని సర్దుకునేవాణ్ణి. మా పైఅధికారి కోస్తా నుంచి వచ్చినాయన. ఆయన ముందు మా యాస పలికితే అన్నం మెతుకు చొక్కా మీద పడ్డట్టుండేది నాకు. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అనుకున్నదంతా నేనే.

మాకు కొడుకు పుట్టిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం ఆయన మా ఇంటికి కాఫీకి వచ్చాడు. ఉన్న రెండు కుర్చీలూ తుడిచి వేశాను. ఆయన కాఫీ అందుకున్నాడో లేదో, గడప కాడ ఆమె ప్రత్యక్షమైంది. ఒక చెయ్యి ద్వారబంధం మీద, ఇంకో చేతిలో బిడ్డకు కుట్టిన బూరుగుదూది దిండు. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చింది. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. కాళ్ళ నిండా దుమ్ము.

"ఎవరండీ ఈవిడ?" అని అడిగాడు అధికారి. మామూలుగానే అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. పెండ్లిలో అడిగిన మాట ఇన్నాళ్ళకు పరీక్షకు వచ్చిందని ఆమెకు సరదాగా ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. పెదవులు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి.

"పరుపులు కుట్టే ఆమె సార్," అన్నాను.

వంటింట్లోంచి నా భార్య బిడ్డను ఎత్తుకుని వచ్చింది. నా మాట విన్నదో లేదో నాకు ఆ క్షణంలో తెలియలేదు. "మా వదినండీ. రా వదినా, గడప కాడనే నిలబడతావేంది," అంది.

అధికారి నా వైపు తిరిగాడు. "వదినంటే, మీకు అక్కగారా?"

గొంతు సవరించుకున్నాను. అప్పుడు ఆమే నన్ను గట్టెక్కించింది.

"లే సామీ. ఆయప్ప సరిగ్గానే చెప్పినాడు, పరుపులే కుడతా. ఈ పిల్ల నోరు జారి వదిన అనింది గానీ, నేను ఈ పిల్లకు అక్కను. ఆయప్పకు వదినను." తర్వాత ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కూచునేది చూస్తే మీకు నడుం నొప్పి ఉన్నట్టుండాదే. మెత్తటి పరుపు మీద పండుకుంటాండారు. అది ఆడోళ్ళకు గానీ మగోళ్ళకు పనికిరాదు. గట్టిగా ఒకటి కుట్టిస్తారా?" అంది.

ఆయన పకపకా నవ్వి, పరుపు కుట్టించుకుంటానన్నాడు. తర్వాత కుట్టించుకున్నాడు కూడా. ఆమె లోపలికి పోయింది. వంటింట్లో ఇద్దరూ నవ్వుకుంటూ ఉంటే నాకు గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. ఆ తేలిక గురించి తలచుకుంటేనే నాకు ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

ఏం జరిగిందో సాయంత్రం ఆమె బస్సుకు బయలుదేరేటప్పుడు అర్థమైంది. "పొయ్యొస్తా మర్దీ," అంది నాతో. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆటపట్టించడం కాదది. ఆమె వరస మార్చింది.

ఒక్క పూటలో మా ఇంట్లో చుట్టరికాలన్నీ తలకిందులయ్యాయి. నా భార్యకు వదిన పోయి అక్క వచ్చింది. నా కొడుకుకు మేనత్త కావలసిన మనిషి పెద్దమ్మ అయింది. ఎప్పుడూ నన్ను చూసి కళ్ళతోనే పరాచికమాడే ఆమె భర్త, బావ హోదా పోయి నాకు సడ్డకుడయ్యాడు. ఈ సంగతి ఆయనకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజు విల్లు పక్కన పెట్టి, "బావగానే బాగుండె గదా," అన్నాడట. ఆయన అంత పెద్ద మాట మాట్లాడింది అప్పుడేనని వీధిలో చెప్పుకునేవారు.

నా మీద కోపం మాత్రం లేదు ఆమెకు. అదే నాకు మింగుడు పడలేదు. వచ్చేది, పోయేది, నా చొక్కా గుండీలు కుట్టేది, నా బట్టతల మీద జోకులేసేది. వదినకు ఆ హక్కు ఎటూ ఉంది. పండక్కి నేను చీర పెడితే, "మర్ది పెట్టినాడు," అని వీధంతా చూపించింది. తమ్ముడా అన్న పిలుపు మాత్రం నోట రాలేదు. ఆమె ఎవరి దగ్గరా వరస మార్చలేదు. మార్చింది నా ఒక్కడి దగ్గరే. ఒకే ఒక్క మనిషిని మాత్రం ఆ మార్పులోకి లాగలేదు. కొత్త లెక్క ప్రకారం మా అమ్మను అత్తా అనాలి. అనలేదు. గడప కాడ నిలబడి "అమ్మా" అనే పిలిచింది. దాన్ని నేను గమనించి దాచిపెట్టుకున్నాను.

కొన్నేళ్ళకు ఒకరోజు జమ్మలమడుగు బస్టాండులో ఆమె కనిపించింది. మా అత్తగారింట్లో పాత పరుపు తిరగవేయడానికి తీసుకుని, చుట్టి తాడు కట్టి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కించబోతోంది. కండక్టరు ఒప్పుకోవడం లేదు.

"టాపు మీద తావు లేదమ్మా. లోపలికి పరుపును ఎక్కనీను."

"మనుషుల్ని ఎక్కిస్తాండావు గదా. ఇది మనుషులు పండుకునేదే."

"నీతో నేను వాదులాడలేను. ఈ మూటకు ఎవురు పూచీ? ఈమె ఎవరి మనిషి?"

నేను పులివెందుల నుంచి ఆ బస్సులోనే వచ్చి కూర్చుని ఉన్నాను. ముందు సీట్లలో మా ఆఫీసువాళ్ళు, హెడ్ గుమాస్తాతో సహా, ప్రొద్దుటూరులో పెండ్లికని కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి అందరూ తొంగి చూస్తున్నారు. ఆమె నన్ను చూసింది గానీ, చూడనట్టు పరుపు తాడు సర్దుకుంటోంది. మళ్ళీ నాకు ఇబ్బంది రాకూడదని. ఆ తాడు సర్దడం చూసి లేచాను.

"మాయక్క," అన్నాను. "పరుపు నా ఒళ్ళో పెట్టుకుంటా. ఎక్కనీ."

ఆమె తలెత్తింది. "ఎవురంట? ఇంజను మోతలో సరిగ్గా ఇనపడలే."

"మాయక్క."

"గట్టిగా చెప్పప్పా. టాపు మీదోళ్ళకు ఇనపడద్దా?"

మూడోసారి అరిచాను. పెండ్లినాడు భార్య పేరు అరిచినట్టే. బస్సంతా నవ్వింది. హెడ్ గుమాస్తా కూడా నవ్వి, "ఎక్కించుకోప్పా, వాళ్ళక్కంటాండాడు గదా," అన్నాడు. కండక్టరు పరుపును లోపలికి తోసి నా ఒళ్ళో వేశాడు. ఆమె నా పక్కన కూర్చుంది. మా ఇద్దరి మధ్య పరుపు గోడలా నిలబడింది. నాకు ఆమె ముఖం కనిపించదు, ఆమెకు నాది కనిపించదు. అది నా అదృష్టం. పులివెందుల ఆదివారం గురించి ఆ పరుపుకే చెప్పుకున్నాను.

"ఆ పొద్దు అడిగిన దాంట్లో తప్పేముందప్పా," అంది అవతలినుంచి. "నేనేమన్నా నగలడిగితినా? నోటి మాట."

"మళ్ళీ తమ్ముడా అను."

"అదెట్లయితుంది? నీ పెండ్లానికి అక్కనైతి. నీకూ అక్కనైతే మీరిద్దరూ ఏమైతారు? యోచన జెయ్యి. పాపం గదూ."

ఈ వాదన నేను ఊహించిందే. దాచుకున్నది బయటికి తీశాను.

"మాయమ్మను అమ్మా అని గదా పిలుస్తాండావు ఇప్పటికీ. మరి ఆమె కొడుకును నేను ఏమైతా?"

పరుపు కదిలింది. నవ్వుతోందని అర్థమైంది. ఆ నవ్వు చాలాదూరం ఆగలేదు.

"దొరకబట్టినావే. సరే, ఇను. గడప లోపల నీ పెండ్లానికి అక్కను. దాన్ని నేను మార్చను, ఆ పొద్దు మాట నిలబెట్టింది ఆ పిల్లే. గడప బయట నీకు అక్కను. ఇంట్లో చెప్పేదానికి ధైర్యమెందుకు? బయట చెప్పు, తమ్ముడంటా."

"అయితే గడప మీద నిలబడితే?"

"గడప మీద ఇద్దరికీ. నేను నిలబడేది ఆడనే గదా తమ్ముడా."

ప్రొద్దుటూరు వచ్చేసరికి నా ఇస్త్రీ చొక్కా నిండా దూది. దులుపుకోబోతే, "ఉండనీ, బాగుండావు" అంది.

ఇంటికొచ్చి ఒప్పందం సంగతి చెప్తే నా భార్య తన వాటాలో ఇసుమంత కూడా తగ్గనంది. "లోపల మాత్రం ఆమె నా యక్క. మీరు వదినా అనే పిలవల్ల," అని ఖరారు చేసింది. అట్లాగే జరిగింది, చివరిదాకా. వాకిట్లో అక్కా అని పిలిచి, గడప దాటి వదినా అనేవాణ్ణి. చూసినవాళ్ళు నాకు మతి తప్పిందనుకునేవారు.

ఆమె పోయి రెండేళ్ళు దాటింది. మట్టి ఇచ్చిన రోజున కడప నుంచి వచ్చిన వాళ్ళ పెద్దాయన ఒకాయన, చేరిన జనాన్ని చూసి, ఒక్కొక్కరినీ ఏమైతారని అడిగాడు. ఆచారి మేనమామనన్నాడు. అయ్యవారు అన్ననన్నాడు. అల్లుళ్ళు, మేనల్లుళ్ళు, మరుదులు తేలారు. "ఈమెకు ఎవురూ లేరని చెప్పిరే నాకు," అని ఆయన తికమక పడ్డాడు. నా వంతు వచ్చింది. అది ఇల్లు కాదు, బయట. తమ్ముణ్ణని చెప్పి గుప్పెడు మన్ను వేశాను.

ఇప్పుడు మా వాకిట్లో విల్లు టంయ్ టంయ్‌మని మోగుతోంది. ఆమె కూరిన దూది గడ్డలు విడి, పొగలా లేచి, మళ్ళీ తెల్లబడుతోంది. దూది ఏకే ఆయన ఆగి చెమట తుడుచుకున్నాడు.

"మామా, అడిగితే చెప్పకపోతివే. ఎవురు కుట్టింది?"

"మాయక్క," అన్నాను.

"ఎవురూ?" అంది లోపలినుంచి నా భార్య. "ఇనపడలేదు."

వంటింట్లో ఉన్న ఆమెకు నిజంగానే వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాను. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"మామా, కనుబొమలంతా దూది. తుడుచుకో."

"ఉండనీలే," అన్నాను.